విశాఖలో తీగ మొక్కలకు ఏ పందిరి: సరుగుడా, వెదురా, టేకా?

తీగ మొక్కకు కర్ర పందిరి వేయాలనుకోగానే చాలామంది ముందు కలప దుకాణానికి వెళ్తారు. అక్కడ దొరికింది కొని తెచ్చాక, దాని మీదికి ఏ పాదు ఎక్కించాలా అని చూస్తారు. ఈ వరస తలకిందులు. ముందు ఏ తీగో తేల్చుకోవాలి, తర్వాత పందిరి ఆకారం, ఆ తర్వాతే కలప. నాలుగు నెలల్లో ఎండిపోయే బీరపాదుకు టేకు చట్రం దండగ. ఏళ్ల తరబడి బతికే సన్నజాజికి పచ్చి వెదురు బద్దలు కడితే రెండో వర్షాకాలానికే పందిరి కూలుతుంది, దాని మీద అల్లుకున్న తీగనంతా నరుక్కోవాల్సి వస్తుంది. తీగ ఎన్నాళ్లు బతుకుతుందో పందిరీ అన్నాళ్లు నిలవాలి. అంతకు మించి ఖర్చు అక్కర్లేదు, అంతకు తగ్గనూ కూడదు.

విశాఖలో దీనికి మరో రెండు విషయాలు తోడవుతాయి. ఒకటి ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వైపు కర్ర కంటే ముందు మేకులు, ఇనుప తీగలు పోతాయి. రెండోది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరాన్ని తాకినప్పుడు లోతుగా వేళ్లూనిన చెట్లే కూలాయి. భవనాల గాలి లెక్కల కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక గాలివేగం తీసుకోమంటుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఏ కర్ర పందిరినీ ఆ గాలికి నిలిచేలా కట్టబోము. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున విప్పి పడుకోబెట్టగలిగేలా కట్టుకోవాలి. డాబా మీద వేసే పందిరిని ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

తీగ ఎలా పాకుతుందో చూడండి

బీర, కాకర, పొట్ల, ఆనప, దొండ, దోస నులితీగలతో పట్టుకుంటాయి. నులితీగ సన్నటి తాడును, అర అంగుళం లోపు బద్దను సులువుగా చుట్టేస్తుంది. రెండంగుళాల లావు గుంజ మీద దానికి పట్టు దొరకదు, జారిపోతుంది. కాబట్టి ఈ జాతికి లావు కర్రలతో చట్రం కట్టి, మధ్యలో తాళ్లు లాగాలి. వరసగా లావు కర్రలు పేర్చి ప్రయోజనం లేదు.

చిక్కుడు, తీగబచ్చలి, శంఖుపుష్పం కాండంతోనే మెలితిరిగి ఎక్కుతాయి. వీటికి నిలువు తాడో, సన్నటి నిలువు కర్రో చాలు. అడ్డ తాళ్ల అవసరం తక్కువ. సన్నజాజి, విరజాజి, రాధామనోహరం మెలితిరుగుతూ పొదలా బరువెక్కుతాయి, ముదిరిన కాండం కర్రలా గట్టిపడుతుంది. కాగితం పూల మొక్కకు పట్టుకునే సాధనమేదీ లేదు, ముళ్లతో ఆనుకుంటుందంతే. దానికి మనమే అడుగడుగునా కట్టాలి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. కాకరకాయలు ఎన్ని కాసినా పందిరికి పెద్ద భారం కాదు. ఆనపకాయ ఒక్కొక్కటి కిలో నుంచి రెండు మూడు కిలోల దాకా తూగుతుంది. బూడిద గుమ్మడి పది కిలోలకు చేరొచ్చు. దాన్ని కర్ర పందిరి మీదికి ఎక్కించాలంటే ప్రతి కాయకూ గోనెసంచితో ఉయ్యాల కట్టి, దాన్ని తాడుకు కాకుండా పైవాసానికే వేలాడదీయాలి. చోటుంటే గుమ్మడిని నేల మీదే పాకనివ్వడం మేలు.

ఆకారాల్లో ఏది

చదును పందిరి మన పెరళ్లలో పాతకాలం నుంచి ఉన్నదే, పొట్లకూ బీరకూ దాన్ని మించినది లేదు. కాయ నిలువుగా కిందికి వేలాడితేనే సూటిగా పెరుగుతుంది. పొట్లకాయ చివర చిన్న రాయి కట్టడం అందుకే. వాలు చట్రం మీద కాయ తాడుకు ఆనిన చోట వంకర తిరుగుతుంది. చదును పందిరికి నేల కావాలి, నాలుగు నుంచి ఆరు గుంజలు పాతాలి. పెందుర్తి, సింహాచలం, మధురవాడ వైపు కాస్త పెరడున్న ఇళ్లకు ఇది సరైనది. ఎత్తు ఆరడుగులకు తగ్గిస్తే లోపల వంగి నడవాలి, ఏడడుగులు దాటితే కాయ కోయడానికి స్టూలు వేసుకోవాలి.

రెండు వాలుల గుడారం పందిరి డాబాకు తగినది. రెండు చట్రాలు పైన ఒకదానికొకటి ఆని నిలబడతాయి, కాళ్లు దూరంగా ఉంటాయి కాబట్టి గాలికి తొందరగా పడిపోవు. కాకర, దోస, చిక్కుడు, బచ్చలి దీని మీద బాగా వస్తాయి. బీర కూడా వస్తుంది, కాకపోతే పిందె దశలోనే కాయను తాళ్ల సందుల్లోంచి లోపలి వైపుకు వదలాలి. లోపలి నీడలో వేసవిలో కొత్తిమీర, తోటకూర వేసుకోవచ్చు.

గోడకు బిగించే నిలువు జాఫ్రీకి, అంటే అడ్డం నిలువు బద్దల అల్లికకు, తక్కువ చోటు చాలు. పూలతీగలకు, దొండకు బాగుంటుంది. గోడకూ జాఫ్రీకీ మధ్య నాలుగంగుళాల సందు ఉండాలి. లేకపోతే తీగ వెనక్కి తిరగలేదు, గోడ ఆరదు, వర్షాకాలంలో పెయింట్ పొరలుగా లేస్తుంది. పడమటి గోడ అయితే ఆరంగుళాలు వదలండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రానికి ఆ గోడ కాలిపోతూ ఉంటుంది, దానికి ఆనిన లేత ఆకులు మాడిపోతాయి.

మూడు కర్రలు పైన కట్టి నిలబెట్టే ముక్కాలి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక కుండీలో బచ్చలికో శంఖుపుష్పానికో అయిదడుగుల వెదురు బద్దలు మూడు చాలు.

డాబా మీద గాలి లెక్క

బకెట్లలో కాంక్రీట్ పోసి గుంజ నిలబెడితే ఏ గాలికైనా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అలా లేదు. ఆకులు నిండిన పందిరిని గాలి దాదాపు తెరచాపను తోసినట్టే తోస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువంత ఒత్తిడి తెస్తుంది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉన్న నిలువు జాఫ్రీ వైశాల్యం 2.2 చదరపు మీటర్లు, అంటే దాని మీద 37 కిలోల తోపు. ఆ తోపు సగటున మూడడుగుల ఎత్తులో పడుతుంది. కింద ఉన్న రెండు 40 కిలోల బకెట్లు తమ సగం వెడల్పుతో, అంటే అరడుగుతో మాత్రమే దాన్ని ఎదుర్కోగలవు. బరువును దూరంతో గుణిస్తే పడదోసేది 111, ఆపేది 40. మే నెల సాయంత్రం వచ్చే ఉరుముల గాలికే అది పడిపోతుంది.

అవే బకెట్లను నాలుగు చేసి, గుడారం ఆకారంలో కాళ్లను నాలుగడుగుల దూరాన పెట్టండి. పందిరి ఆరడుగుల వెడల్పు ఉన్నా, తోపు 57 కిలోలు, మూడడుగుల ఎత్తులో 171 అవుతుంది. ఎదురుగా 160 కిలోలు, రెండడుగుల దూరం, మొత్తం 320. నిలుస్తుంది. ఇదే పందిరి గంటకు 80 కిలోమీటర్ల గాలికి అంచు దాకా వస్తుంది, ఆ పైన పడుతుంది. ఆకుల సందుల్లోంచి కొంత గాలి దూరిపోతుంది కాబట్టి నిజంలో కాస్త వెసులుబాటు ఉంటుంది. దాన్ని నమ్ముకుని తుపానులో వదిలేయకూడదు.

కాబట్టి డాబా మీద విడిగా నిలబడే నిలువు జాఫ్రీ వద్దు. కావాలంటే పిట్టగోడ లోపలి ముఖానికి రెండు ఎత్తుల్లో క్లాంపులతో బిగించండి. వీధి వైపు పిట్టగోడ మీదుగా పైకి లేపకండి, అది విరిగితే కింద నడిచేవాళ్ల మీద పడుతుంది. స్లాబుకు రంధ్రం మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. నీరు ఇంకకుండా వేసిన పొర ఒకచోట తెగితే వాన నీరు అక్కడ దిగి, ఎక్కడో దూరంగా గదిలో కారుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం కష్టం.

స్లాబు బరువు కూడా చూసుకోవాలి. మనుషులు తిరిగే డాబాకు సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. ఆరు బై నాలుగడుగుల పందిరి కింద చోటు 2.2 చదరపు మీటర్లు, అంటే 330 కిలోలు. అందులో బకెట్లే 160 తినేస్తాయి. తడి మట్టి నిండిన 20 లీటర్ల కుండీ ఒక్కటి 30 కిలోల దాకా ఉంటుంది. అంచేత నాలుగు కుండీలకు మించి పెట్టకండి. గది నడిమధ్య కాకుండా గోడల మీద, దూలాల మీద భారం పడేలా అమర్చండి.

కలప: నాలుగు రకాలు, నాలుగు బుద్ధులు

సరుగుడు కోస్తా అంతా పెరుగుతుంది, పెళ్లి పందిళ్లకూ సెంట్రింగుకూ వాడేది కాబట్టి అడితుల్లో ఎప్పుడూ దొరుకుతుంది. సూటిగా ఉంటుంది, బరువు మోస్తుంది. దాని బలహీనత మట్టి. నేలలో పాతిన సరుగుడు గుంజ ఒకటి రెండేళ్లలో నేల మట్టం దగ్గర కుళ్లుతుంది లేదా చెదల పాలవుతుంది. మట్టి తగలకుండా ఉంచితే అంతకంటే బాగా నిలుస్తుంది. కొనేటప్పుడు మొదలు దగ్గర రెండు నుంచి రెండున్నర అంగుళాల మందం ఉన్నవి ఏరుకోండి. బెరడు తీయించండి, లేదా కొడవలితో మీరే చెక్కేయండి. బెరడు కింద తేమ నిలుస్తుంది, తొలిచే పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. పచ్చి కర్ర ఆరేకొద్దీ సన్నబడుతుంది, గట్టిగా కట్టిన కట్లు నెల తిరిగేసరికి వదులవుతాయి. నెలకోసారి కట్లు బిగించే ఓపిక లేకపోతే, ఆరిన కర్రే అడిగి తెచ్చుకోండి. ఆరిన సరుగుడులోకి మేకు దిగదు, వంగుతుంది. పచ్చిదానికి మేకు కొడితే ఆరాక అక్కడే చీలుతుంది. అందుకే రెండింటికీ ముందు డ్రిల్లు చేయాలి.

వెదురు తేలిక, అదే దాని గొప్ప. డాబా మీదికి ఒక్క మనిషి మోసుకెళ్లగలడు. ఎంపికలోనే దాని ఆయుష్షు ఉంది. మూడేళ్లు దాటిన బొంగు కావాలి. లేత బొంగు నిగనిగలాడుతూ పచ్చగా, కణుపుల దగ్గర తెల్లటి పొడి పొరతో ఉంటుంది. ముదిరినదానికి మెరుపు పోయి, మచ్చలు పడి, తడితే ఖంగుమంటుంది. లేతదానిలో పిండి పదార్థం ఎక్కువ, దాని కోసమే పొడి పురుగు వస్తుంది. కర్ర కింద తెల్లటి మెత్తటి పొడి రాలుతూ ఉంటే పురుగు పట్టిందని అర్థం. అప్పటికే లోపల గుల్ల అయిపోయి ఉంటుంది.

వెదురును బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెడితే పురుగు రాదు. 45 లీటర్ల నీటికి ఒకటిన్నర కిలోల బోరాక్స్, కిలో బోరిక్ ఆమ్లం కలపండి. బొంగు లోపల కణుపు గోడలను పొడవాటి ఇనుప చువ్వతో పొడిచి, ద్రావణం లోపలికి వెళ్లేలా చేసి, వారం పది రోజులు పూర్తిగా మునిగి ఉండనివ్వాలి. పచ్చి వెదురే దీన్ని బాగా పీలుస్తుంది, ఎండిపోయినది అంతగా పీల్చదు. ఈ మందు వానకు కరిగి కారిపోతుంది, అది గుర్తుంచుకోండి. కాబట్టి పైన నూనె పూత ఉండాలి, కాలు మట్టిలో ఉండకూడదు. ఇంత పని చేయలేమంటే వెదురును ఒక్క పంటకు వాడి మార్చేయండి, అది తప్పేమీ కాదు.

వెదురును కోసేటప్పుడు పై చివర కణుపుకు సరిగ్గా పైన కోయాలి. కణుపుకు దూరంగా కోస్తే గొట్టంలో వాన నీరు నిలిచి లోపల నుంచి కుళ్లుతుంది, దోమలు కూడా చేరతాయి. వెదురుకు మేకు కొట్టకూడదు, నిలువునా చీలుతుంది. తాడుతో కట్టాలి, లేదా కణుపు పక్కన రంధ్రం చేసి బోల్టు వేయాలి.

టేకులో చేవ ఉన్న భాగానికే మన్నిక. ముదురు గోధుమ రంగులో ఉండేది చేవ, దాని చుట్టూ లేత పసుపుగా ఉండే పైచెక్కకు చెద పడుతుంది. సన్నపాటి తోట టేకులో ఈ పైచెక్క చాలా ఉంటుంది, అయినా టేకు ధరే అడుగుతారు. ముక్క ముక్కనూ తిప్పి చూసి తీసుకోండి. టేకును ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. ఆరు బై నాలుగడుగుల జాఫ్రీకి రెండంగుళాల చదరం నిలువులు మూడు, ఒక్కోటి ఏడడుగులు, కలిపి 0.58 ఘనపుటడుగు. రెండు బై ఒక అంగుళం అడ్డబద్దలు తొమ్మిది, ఒక్కోటి నాలుగడుగులు, 0.5. తరుగుతో కలిపి 1.2 ఘనపుటడుగులు. ఈ అంకె చేతిలో పెట్టుకుని వెళ్తే ధర అడగడం తేలిక. చిత్రిక పట్టాక ప్రతి వైపూ కొంత తగ్గుతుందని కూడా గమనించండి. దీర్ఘకాలం బతికే పూలతీగలకు, దొండకు, ఇంటి ముఖం వైపు కనిపించే చోటికి టేకు డబ్బు గిట్టుతుంది. బీరకు, కాకరకు గిట్టదు.

నాలుగోది రేవు, పరిశ్రమల ఊరు కాబట్టి మనకు తేలిగ్గా దొరికే ప్యాకింగ్ పెట్టెల చెక్క, ప్యాలెట్లు. ఎక్కువగా పైన్ జాతి మెత్తటి కలప. ఎండా వానా తగిలితే త్వరగా కుళ్లుతుంది, కప్పున్న బాల్కనీలో మాత్రం పనికొస్తుంది. విదేశీ రవాణా ప్యాలెట్ మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువుతో శుద్ధి చేసినది, కూరగాయల దగ్గరికి రానివ్వకండి. ముద్ర లేకుండా నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్నదీ వద్దు. ప్యాలెట్ మేకులు మెలికలు తిరిగి ఉంటాయి, పీకితే చెక్క చీలుతుంది. సందులోకి హాక్‌సా బ్లేడు దూర్చి మేకునే కోసేయండి.

ప్లైవుడ్ ముక్కలతో జాఫ్రీ కోసి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండు వానలకు పొరలు విడిపోతాయి.

మేకు, స్క్రూ, తాడు

ఈ ఊళ్లో పందిరి ముందుగా ఓడిపోయేది ఇక్కడే. జిప్సం బోర్డుకు వాడే నల్లటి స్క్రూలు సముద్రపు గాలికి తొందరగా తుప్పెక్కి, విప్పబోతే తల విరిగిపోతాయి. మామూలు మేకులూ అంతే. స్టెయిన్‌లెస్ అని చెప్పి 202 రకం అమ్ముతుంటారు. అది 304 కంటే తుప్పుకు త్వరగా లొంగుతుంది, అయస్కాంతంతో పరీక్షించినా తేడా తెలియదు. బోల్టు తల మీద ఏ2 అని ఉంటే 304 తరగతి, ఏ4 అని ఉంటే 316. గోపాలపట్నం, పెందుర్తి వంటి లోపలి ప్రాంతాలకు మొదటిది చాలు, సముద్రం కనిపించేంత దగ్గర ఉంటే రెండోదానికి ఖర్చు పెట్టండి. మొత్తం పందిరికి కావలసినవి గుప్పెడే.

టేకు జాఫ్రీకి 8వ నంబరు, రెండంగుళాల స్క్రూలు సరిపోతాయి. ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. ప్రతి కూడలిలో ఒక్కొక్క స్క్రూ వేస్తే చట్రం మొత్తం పక్కకు ఒరిగి ఐమూలగా సాగుతుంది. నాలుగు మూలల్లో రెండేసి స్క్రూలు వేయండి, లేదా వెనక ఒక ఐమూల బద్ద బిగించండి.

అల్లడానికి తాడు విషయంలో ఒక తేడా ఉంది. ఒక్క పంట తీగలకు పురికొసో, సన్న కొబ్బరి తాడో వాడండి. పంట అయిపోయాక తాడుతో సహా కోసి ఎరువు గుంతలో వేసేయొచ్చు. నైలాన్ వల కడితే ఎండిన నులితీగలను ఒక్కొక్కటే విడదీస్తూ సగం రోజు పోతుంది. చివరికి వలతో సహా పారేస్తారు. ఏళ్ల తరబడి ఉండే దొండకు వల కావాలంటే ఎండకు తట్టుకునేలా చేసిన రకం అడగండి. కన్ను నాలుగు నుంచి ఆరంగుళాలు ఉండాలి. చిన్న కన్నులో పిందె ఇరుక్కుని, పెరిగి, నడుము నొక్కుకుపోతుంది. కోసే చెయ్యి కూడా దూరదు.

గుడారం పందిరి కట్టే పద్ధతి

డాబా ఉన్న ఎక్కువ ఇళ్లకు సరుగుడు గుడారమే సరైన ఎంపిక అని గట్టిగా చెప్పొచ్చు. కొలతలు ఇవి: కాళ్లు నాలుగు, ఒక్కోటి ఏడడుగులు. పైవాసం ఒకటి, ఏడడుగులు. అడ్డకర్రలు నాలుగు, ఒక్కోటి ఆరున్నర అడుగులు. ఐమూల కట్టడానికి ఎనిమిదిన్నర అడుగుల వెదురు బద్దలు రెండు. 8 మిల్లీమీటర్ల మందం, అయిదంగుళాల పొడవు బోల్టులు రెండు పైకి. కాళ్లకు మరో నాలుగు, గొట్టం వెడల్పుకు తగ్గ పొడవువి. అన్నిటికీ వాషర్లు, రెక్కల నట్లు. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు నాలుగు, 90 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం అడుగున్నర ముక్కలు నాలుగు, వాటికి సాకెట్లు నాలుగు. సిమెంట్ అర బస్తా. పురికొస 150 మీటర్లు, రెండు పేటలుగా వేసుకోవడానికి.

ముందు కాళ్లను జతగా నేల మీద పడుకోబెట్టి, పై చివర నుంచి ఆరంగుళాలు వదిలి ఒకదాని మీద ఒకటి దాటించి, 9 మిల్లీమీటర్ల రంధ్రం చేసి బోల్టు వేయండి. కింద నాలుగడుగులకు విప్పితే ఎత్తు ఆరడుగులకు కాస్త పైన వస్తుంది. రెండు జతలను ఆరడుగుల దూరంలో నిలబెట్టి, పైన ఏర్పడిన పంగల్లో పైవాసం పెట్టి కట్టండి. ఒక్కో వాలుకు అడుగు ఎత్తులో ఒక అడ్డకర్ర, నడుము ఎత్తులో ఇంకొకటి, తర్వాత ఐమూల బద్ద. ఐమూల లేకపోతే పొడవు దిక్కున వీచే గాలికి పందిరి ముడుచుకుంటుంది. అందరూ మరిచిపోయే కర్ర ఇదే.

బకెట్ అడుగున నీరు పోవడానికి గొట్టం కూర్చునే చోట రంధ్రం చేయండి. పీవీసీ నున్నగా ఉంటుంది, కాంక్రీట్ దాన్ని పట్టుకోదు. అందుకే గొట్టం కింది చివర సాకెట్ అతికిస్తే ఆ వెడల్పాటి అంచు పైకి జారనివ్వదు. కాళ్లకు గొట్టాలు తొడిగి, చట్రాన్ని దాని చోట నిలబెట్టి, బకెట్లలో కాళ్లు ఏ వాలులో ఉన్నాయో ఆ వాలులోనే గొట్టాల చుట్టూ కాంక్రీట్ పోయండి. సిమెంట్ ఒకటి, ఇసుక రెండు, చిన్న కంకర నాలుగు పాళ్లు. ఒక బకెట్‌కు సుమారు 6 కిలోల సిమెంట్ పడుతుంది. గొట్టం పైకి మూడు నాలుగంగుళాలు కనిపించాలి. ఏడు రోజులు తడుపుతూ కదపకుండా ఉంచండి. తర్వాత ఆ కనిపించే భాగంలో గొట్టాన్నీ కాలునూ కలిపి అడ్డంగా రంధ్రం చేసి బోల్టు వేయండి. ఇది లేకపోతే గాలికి కాలు గొట్టంలోంచి పైకి లేచి వచ్చేస్తుంది, బకెట్ బరువు దేనికీ కొరగాదు.

గుంజను నేరుగా కాంక్రీట్‌లో పాతితే ఎందుకు కాదు? కర్ర ఎండకు సన్నబడి చుట్టూ సందు పడుతుంది, వాన నీరు అందులో దిగి బయటికి పోదు. బయటికి గట్టిగా కనిపిస్తూనే అంచు దగ్గర విరుగుతుంది. పెరట్లో పాతే గుంజలకూ ఇదే కారణం చేత కాంక్రీట్ కట్టకుండా, రెండడుగుల గుంతలో అడుగున ఒక జానెడు కంకర వేసి, చుట్టూ కంకరే కూరండి. సముద్రం దగ్గరి ఇసుక నేలలో రెండున్నర అడుగులు దిగాలి. మొదలు నుంచి నేల మట్టానికి జానెడు పైవరకు తారు పూయండి. కుళ్లు మొదలయ్యేది గాలి, తడి రెండూ కలిసే ఆ మట్టం దగ్గరే.

పురికొసను అడ్డకర్ర నుంచి పైవాసం దాకా ఎనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున నిలువుగా లాగండి. చిక్కుడుకు, బచ్చలికి అవి చాలు. కాకరకు, దోసకు అడ్డంగా అయిదు వరసలు కలపండి. మొక్కను ఒక్క కాండంగా పైకి తీసుకెళ్లి, పైవాసం అందాక చివర గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి.

పెరట్లో చదును పందిరికి

తొమ్మిది బై ఆరడుగుల పందిరికి ఎనిమిదడుగుల గుంజలు ఆరు, పైన చుట్టూ వాసాలు. పైన అడుగుకొక గడిగా 16 గేజీ జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) అల్లితే కట్లతో కలిపి 43 మీటర్లు, తూకంలో ముప్పావు కిలో పడుతుంది. బీచ్ దగ్గరైతే ప్లాస్టిక్ పూత ఉన్న తీగ తీసుకోండి, ప్లాస్టిక్ పూత లేనిది ఉప్పుకు తెల్లబడి, తర్వాత ఎర్రబడి, కాయలు నిండిన వేళ తెగుతుంది. దొండ కోసమైతే గుంజలు టేకు చేవవి లేదా రాతివి పెట్టి, పైవాసాలు సరుగుడువి వేయండి. పైవి మార్చడం తేలిక, గుంజ మార్చాలంటే పాదు చెడుతుంది. చిక్కుడు కోసమైతే అన్నీ సరుగుడువే చాలు. వానాకాలంలో విత్తింది చలికాలమంతా కాస్తుంది, తుపానుల నెలలు కూడా అందులోనే పడతాయి, కాబట్టి ఐమూల కర్రలు తప్పనిసరి.

పూత

కూరగాయల పందిరికి వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు ఉంది. అందులోని లోహాలు వానతో పాదు మట్టిలో దిగుతాయి, వద్దు. ఉడికించిన అవిసె నూనె రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చి వేయండి. వానలు వెనక్కి తగ్గాక డిసెంబరు, జనవరి నెలల్లో కర్ర బాగా ఆరి ఉంటుంది, అప్పుడే పూయాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరేయండి, లేదా నీటిలో ముంచి పారేయండి. రంగు కావాలనుకుంటే పూల జాఫ్రీకి వేసుకోవచ్చు, కోసిన చివరలకు మాత్రం ఒక పూత ఎక్కువ పడాలి. కర్ర నీటిని ఎక్కువగా తాగేది అక్కడి నుంచే.

హెచ్చరిక వచ్చినప్పుడు

విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి గాలి 80 కిలోమీటర్లు దాటుతుందన్న మాట వినగానే డాబా పందిరి విప్పాలి. పాదు ముదిరి ఉంటే పైవాసం దగ్గర తాళ్లు కోసి తీగను మొత్తంగా కిందికి దించండి, కుండీల మీద చుట్టగా వేసి గోనె కప్పండి. సగం ఆకులు పోయినా మొదలు బతికి ఉంటే మళ్లీ చిగురిస్తుంది. తర్వాత పైవాసం కట్లు కోసి తీసేయండి, పై బోల్టులు, కాళ్ల బోల్టులు తీస్తే ఒక్కో వాలు చట్రం తన గొట్టాల్లోంచి జారి వస్తుంది. ఇద్దరు మనుషులుంటే అరగంట పని. చట్రాలను పిట్టగోడ మూలన పడుకోబెట్టి, బకెట్లను వాటి మీదికి జరిపి, తాడుతో కలిపి కట్టండి. రెక్కల నట్లు నెలకోసారి విప్పి ఒక చుక్క నూనె వేసి బిగిస్తూ ఉంటేనే ఆ రోజు చేత్తో తిరుగుతాయి.